బరంపురం వదిలే ముందు మూడు రోజులు

సూరత్‌లో ఏ మగ్గాల షెడ్డులోకి వెళ్లి మీదే ఊరని అడిగినా బరంపురం, ఆస్కా, హింజిలి, ఛత్రపురం అనే పేర్లు వినిపిస్తాయి. మన పత్రిక చదివే ఇళ్లలో కూడా గంజాం జిల్లా వాళ్లు తక్కువేం కాదు. నేనూ వాళ్లలో ఒకణ్ణే. ముప్పై ఏడేళ్లు ఆ మోతలో పనిచేసి, బరంపురంలో మా నాన్న కట్టిన ఇంటికి వచ్చి ఆరేళ్లు ఉన్నాను. ఇప్పుడా ఇల్లు అమ్మేసేం. కొడుకు సూరత్‌లోనే ఇల్లు కట్టుకున్నాడు, మనవడి చదువు అక్కడే, మా ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఇంక కాపురానికి తిరిగి వచ్చేది లేదు. తాళాలు ఇచ్చే ముందు, సంక్రాంతి తర్వాత, మూడు రోజులు జిల్లా తిరిగొచ్చేం. ఆ సంగతులు రాస్తున్నాను.

మిల్లు వాళ్లకి సొంత ఊరు చూసే తీరిక ఉండదు. సెలవు దొరికితే పెళ్లికో, చావుకో, ఠాకురాణి యాత్రకో వస్తాం. పది రోజుల్లో మళ్లీ రైలు. ఆ రైలు కూడా పలాస, విజయనగరం, రాయగడ మీదుగా రాయపూర్, నాగపూర్ వైపు పోతుంది. ఇంటికి ఉత్తరాన ఉన్న చిలికా మా దారిలోనే లేదు.

మా బామ్మర్దికి మేజిక్ వ్యాను ఉంది. వెనక సీట్లు విప్పేసి చెక్కబల్ల వేసి, దాని మీద పరుపు పరిచేడు. బల్ల కింద చిన్న సిలిండరు, పొయ్యి, రెండు నీళ్ల క్యాన్లు, బియ్యం, చింతపండు, మా ఆవిడ పెట్టిన ఆవకాయ. విదేశాల్లో దీన్ని క్యాంపర్ వ్యాను అంటారనీ, వంటా పడకా అందులోనేననీ మనవడు ఫోనులో చూపించేడు. వాళ్ల హంగులు మా బండికి లేవు గానీ ఆ రెండూ ఉన్నాయి.

ముందు దేశీబెహెరా వీధికి వెళ్లేం. ఇది దేరా వాళ్ల వీధి. వాళ్లు ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. బరంపురం పట్టుకి పేరు తెచ్చింది వీళ్ల చేతులే. గుడి గోపురంలా మెట్టు మెట్టుగా ఉండే ఫోడా కుంభ అంచు వీళ్లది. రెండేళ్లకొకసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు ఈ వీధికే వస్తుంది. మా నాన్న చేతిమగ్గం నేసేడు. మా తరం మరమగ్గాలకి పోయింది. మనవడికి గుంటమగ్గం చూపిస్తే, మోటారు ఎక్కడుందని అడిగేడు.

1894లో వి.వి. గిరి గారు పుట్టింది బరంపురంలోనే అని కూడా వాడికి చెప్పేను. రైల్వే కార్మికుల సంఘం నడిపిన మనిషి 1969లో రాష్ట్రపతి అయ్యేరు. అప్పట్లో ఇదంతా మద్రాసు రాజధానిలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరయ్యింది. ఇచ్ఛాపురం అటు పడింది, బరంపురం ఇటు పడింది. అప్పుడు జనం కదలలేదు, సరిహద్దే కదిలింది.

అక్కణ్ణుంచి గోపాల్‌పూర్ 16 కిలోమీటర్లు. పాత రేవు గోడలు ఇంకా నిలబడే ఉన్నాయి. మన గంజాం, విశాఖ వైపు కూలీలు ఒకప్పుడు ఇక్కడే ఓడ ఎక్కి రంగూన్ వెళ్లేవారు. మా తాత కూడా అలా వెళ్లి బియ్యం మిల్లులో పనిచేసేడు. 1942లో జపాను వాళ్లు బర్మా మీద పడితే చాలామంది కొండలు, అడవులు దాటి నడిచి వచ్చేరు. మా తాతా అలాగే వచ్చేడు. తాత రంగూన్, నేను సూరత్. పోవడం మా ఇంట్లో కొత్త కాదు. తీరం మీద నిలబడి మనవడికి ఇదంతా చెప్తే, "అయితే మనది ఏ ఊరు తాతా?" అన్నాడు. వెంటనే జవాబు దొరకలేదు.

గంజాం ఊరి దగ్గర ఋషికుల్య వంతెన దాటి పొడంపేట వైపు తిరిగేం. ఈ నది సముద్రంలో కలిసేచోటే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. పొడంపేట తెలుగు జాలర్ల ఊరు. సముద్రం కోసుకుంటూ వచ్చి ఇళ్లని మింగేసింది. జనం లోపలికి మారిపోయేరు. మొండిగోడల మధ్య వల బాగుచేసుకుంటున్న ఒక ముసలామెని మా ఆవిడ పలకరించింది.

"ఇల్లు పోయినా ఇక్కడికే వస్తన్నావేటమ్మా?"

"ఇల్లు పోతే పోనాది. సముద్రం ఇక్కడే ఉంది కదా, ఎక్కడికెల్తాను?" అంది.

ఆ తర్వాత బండిలో చాలాసేపు మా ఆవిడ మాట్లాడలేదు.

ఆ రాత్రి రంభలో చిలికా ఒడ్డున బండి ఆపేం. మా ఆవిడా మనవడూ లోపల, నేనూ బామ్మర్దీ బయట చాప మీద. చిలికా పీతలతో పులుసు పెట్టేం. పొద్దున్నే పడవెక్కేం. ఇది సగం ఉప్పునీరు, సగం మంచినీరు. చలికాలంలో సైబీరియా, మంగోలియా నుంచి పక్షులు వస్తాయి, ఎండలు ముదిరేలోగా వెళ్లిపోతాయి. వచ్చే ఏడు మళ్లీ వస్తాయని పడవవాడు చెప్పేడు.

రెండో రోజు మధ్యాహ్నం జౌగడ. ఋషికుల్య దగ్గర పెద్ద బండ, దాని మీద అశోకుడు చెక్కించిన అక్షరాలు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చిపోయేరనీ, లక్షన్నరమందిని ఊళ్లు వదిలించి పట్టుకుపోయేరనీ ఆయనే బాధపడి రాయించేడు. కానీ ఆ మాట ఈ బండ మీద లేదు. ఎక్కడో ఇప్పటి పాకిస్తాన్‌లో షాబాజ్‌గఢీ దగ్గరున్న రాయి మీద ఉంది. ఇక్కడి వాళ్లకి వేరే మాట చెక్కించేడు: జనమంతా నా బిడ్డల్లాంటి వాళ్లు, కారణం లేకుండా ఎవర్నీ కట్టెయ్యొద్దు, హింసించొద్దు అని అధికారులకి ఆజ్ఞ. బామ్మర్ది అంతా విని, "ఆళ్లని రాజు పట్టుకుపోనాడు బావా, మనం టికెట్టు కొనుక్కుని మరీ ఎల్తన్నాం" అన్నాడు. నవ్వేం గానీ ఆ మాట నాలో ఉండిపోయింది. 2020 లాక్‌డౌన్‌లో సూరత్ నుంచి ప్రత్యేక రైళ్లు జగన్నాథపూర్ స్టేషన్‌కి వచ్చినప్పుడు మన వాళ్లు ఎలా దిగేరో ఈ జిల్లాలో అందరికీ గుర్తే. కొన్ని నెలలకి మళ్లీ అదే రైలెక్కేరు.

సాయంత్రానికి తారాతారిణి కొండ కింద ఆగేం. తెల్లారి మనవడూ బామ్మర్దీ 999 మెట్లూ ఎక్కేరు, మేమిద్దరం రోప్‌వేలో వెళ్లేం. నా పుట్టెంట్రుకలు ఇక్కడే తీసేరు, నా కొడుకువీ ఇక్కడే. మనవడివి సూరత్‌లో తీయించేం. వాణ్ణి పక్కన నిలబెట్టి, కింద వంకర తిరిగి పారే నదిని చూపించి, మొన్న దాటిన వంతెన దీని మీదదే అని చెప్పేను. గోపాల్‌పూర్‌లో వాడడిగినదానికి కూడా అక్కడే జవాబు చెప్పేను. "ఇల్లు ఎక్కడుంటే అక్కడ ఉంటాం. మీదే ఊరని ఎవరైనా అడిగితే మాత్రం ఈ నది పేరు చెప్పు." వాడు ఋషికుల్య, ఋషికుల్య అని రెండుసార్లు అనుకున్నాడు.

చివరగా తప్తపాణి. గంధకం వాసనొచ్చే వేడినీటి ఊట. మా ఆవిడ మోకాళ్ల దాకా నీళ్లలో పెట్టుకుని గంటసేపు కూర్చుంది. సూరత్‌లో ఇలాంటిది దొరకదు కదా అంది. దొరకదన్నాను. చీకటిపడ్డాక బరంపురం చేరేం.

వెళ్లాలనుకునే వాళ్లకి నాలుగు మాటలు. డీజిలు, పడవ, రోప్‌వే, తిండి అన్నీ కలిపి నలుగురికి రూ.4,500 అయ్యింది. బండి మనవాళ్లదే కాబట్టి బాడుగ లేదు. చిలికాకి చలికాలమే మంచిది. చైత్రం మంగళవారాల్లో తారాతారిణి దగ్గర బండి నిలిపే చోటు కూడా దొరకదు. రాత్రి ఆగేచోట దగ్గర్లో ఉన్న దుకాణం వాళ్లని అడిగి ఆగండి, మాకెవరూ కాదనలేదు. ఇల్లు అమ్మే ఆలోచన ఉన్నవాళ్లు రిజిస్ట్రేషను తేదీ పెట్టుకునేలోగా ఒక్కసారి పిల్లల్ని ఇలా తిప్పండి. ఇంటి కాగితం కొన్నవాళ్లకి ఇస్తాం. నదులు, కొండలు, ఊళ్ల పేర్లు మాత్రం మన పిల్లలకి మనమే ఇవ్వాలి.