వగరుకీ ఒక విలువుంది

షడ్రుచులని పేరుకి ఆరు చెబుతాం గాని, అందులో వగరుకి అభిమానులెవరండీ? తీపికి పిల్లలున్నారు. కారానికి మా పల్నాడంతా ఉంది. ఆఖరికి చేదుక్కూడా, కాకరకాయ పుణ్యమా అని, నలుగురు భక్తులున్నారు. వగరనగానే మాత్రం మొహం చిట్లిస్తాం. దాన్ని ఇష్టంగా తినేది మేక.

గురజాల, మాచర్ల వైపు బస్సులో వెడితే చూడండి. రాళ్ళబీట్లో నల్లతుమ్మ చెట్టు, దానికి ముందుకాళ్ళు ఆనించి మెడ సాచిన మేక. ముళ్ళ మధ్యనుంచి ఆకు లాగే ఆ నేర్పు చూస్తే, చేపముళ్ళు ఏరుకు తినే మా మేనత్త గుర్తొస్తుంది నాకు.

తుమ్మచెక్కతో తోళ్ళు పదును చెయ్యడం మనవాళ్ళకి తరతరాలుగా తెలుసు. ఆ పని చేసేది టానిన్ అనే పదార్థం. మాంసకృత్తుల్ని పట్టి బిగిస్తుంది. మన నోరు పీక్కుపోయేదీ అందుకే. తుమ్మ ఆకులోనూ, కాయలోనూ అదే ఉంది.

ఇక మేకకి అసలు శత్రువు తోడేలు కాదు, నట్టలు. వాటిలో ఒక రకం నాలుగో పొట్టలో చేరి నెత్తురు తాగుతుంది. ఆడది రోజుకి 5,000 పైచిలుకు గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేలమీద పడి, పిల్లలై, తడిగడ్డి మొదళ్ళ మీదికి పాకి, మరో నోటికోసం కాచుకుంటాయి. తలెత్తి చెట్టు మేసే మేకకి ఆ బెడద తక్కువ. పైగా టానిన్ నట్టల జోరు తగ్గిస్తుంది. మేతలోని మాంసకృత్తుల్ని మొదటి పొట్టలో చెడకుండా కాపాడి, పేగుదాకా చేర్చి, ఒంటికి పట్టిస్తుంది.

1967లో సాగర్ కుడికాలువ నీళ్ళొచ్చాయి. మంచిదే. బీళ్ళు మాగాణులూ మిరపతోటలూ అయ్యాయి. మేకలు తలదించుకుని కాలవగట్ల తడిగడ్డికి దిగాయి. మా ఊరి మేకల పెద్దాయనకి మందే పాసుపుస్తకం. కూతురి కాలేజీ ఫీజుకి రెండు పోతుల్నమ్మాడు. మొన్న వానాకాలం నాలుగు పిల్లలు పోయాయి.

“ముందు మందు పోస్తే నాలుగు నెలలు చూసుకోనక్కర్లేదయ్యా. ఇప్పుడు నెల తిరక్కుండానే దవడ కింద నీరు దిగుతోంది” అన్నాడు.

ఒకే మందు అన్నిటికీ పదేపదే పోస్తే, తట్టుకున్న నట్టల సంతానమే మిగులుతుంది. అందుకే దక్షిణాఫ్రికాలో కింది కనురెప్ప తిప్పిచూసి, పాలిపోయిన వాటికే మందు పోసే పద్ధతి పెట్టారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో సెరీషియా లెస్పెడీజా అనే వగరు మేత పెడితే నట్టల గుడ్లు తగ్గినట్టు పరీక్షల్లో తేలింది.

అలాగని వగరు సర్వరోగనివారిణి కాదు. మితిమీరితే మేత అరగదు. నెత్తురు పాలిపోయి కూలబడ్డ మేకకి పశువుల డాక్టరే దిక్కు. తుమ్మరొట్ట మందుకి బదులు కాదు, తోడు.

కాని తుమ్మ ఎక్కడుంది? నీడ పడుతుందని గట్ల మీదివి కొట్టేస్తున్నారు. పొలానికొకటైనా ఉంచమంటే, “దానికింద మిరప ఎదగదు, ఆ నష్టం మీరిస్తారా?” అన్నాడో రైతు. న్యాయమైన ప్రశ్నే. పది మిరపమొక్కలు పోతాయి, నిజమే. ఆ చెట్టు పోతే పెద్దాయన మంద దేన్ని చూసి తలెత్తాలో ఆయనే చెప్పాలి.