బండి వణికితే ఇంజన్ పోయినట్టేనా?

భూపాలపల్లిలో పెద్దనాన్న ఉండే సింగరేణి క్వార్టర్ల ముందు బండి ఆపి, ఇంజన్ ఆపకుండానే ఫోన్ మాట్లాడుతున్నా. అద్దంలో చూస్తే వెనకున్న బొగ్గు లారీ రెండు లారీల్లా కనిపించింది. స్టీరింగ్, సీటు, డ్యాష్‌బోర్డు మీద పెట్టిన బాపు కళ్లజోడు... అన్నీ వణుకుతున్నాయి. క్లచ్ వదిలి బండి కదిలిస్తే కింద ‘దడ్’మని ఒక దెబ్బ.

మాది 1988 మోడల్ అంబాసిడర్. గేర్ రాడ్ స్టీరింగ్ పక్కన ఉండే మార్క్ 4. బాపు దీంతోనే జనగామ స్టేషన్ దగ్గర కిరాయిలు కొట్టి మమ్మల్ని చదివించాడు.

జనగామకు వచ్చాక ఒక షెడ్డులో చూపించా. అతను బానెట్ సరిగా ఎత్తకముందే, “బోరుకొచ్చిందన్నా. ఇంజన్ దింపాలి, 45 వేలైతది. ఎందుకు, పాత సామానుకు ఇచ్చెయ్” అన్నాడు. నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. అప్పటికే రాత్రిళ్లు ఫోన్‌లో కొత్త కార్ల ఈఎంఐలు లెక్కేసుకుంటున్నా. పాత సామాను కొనేటాయన్ను ఆదివారం రమ్మన్నా. బాపు ఏమీ అనలేదు. శుక్రవారం పొద్దున బండి తుడుస్తూ, “ఒక్కసారి మానుకోట కాకకు చూపిద్దాం, రా” అన్నాడంతే.

మానుకోట అంటే మహబూబాబాదే. పాలకుర్తి, తొర్రూరు మీదుగా వెళ్లేసరికి ఎండెక్కింది. కాక ఒకప్పుడు అంబాసిడర్లు తప్ప వేరే బండి ముట్టేవాడు కాదట. 2014లో ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఈ బండి తయారీ ఆగిపోయింది. ఇప్పుడు ఆయన షెడ్డు నిండా ట్రాలీ ఆటోలే.

పానా పట్టకముందు ప్రశ్నలు మొదలుపెట్టాడు. “నిలబడ్డప్పుడు వణుకుతాందా, ఉరికేటప్పుడా? 60లో పోతూ న్యూట్రల్ చేస్తే తగ్గుతాందా?” న్యూట్రల్ చేసినా వణుకు అట్లాగే ఉంటే చక్రాలో, ప్రొపెల్లర్ షాఫ్టో చూడాలి. మాది నిలబడి ఉన్నప్పుడే వణుకుతోంది. రేస్ చేస్తే వణుకు మారుతోంది. అంటే సంగతి ఇంజన్ దగ్గరే ఉంది.

ఆయిల్ మూత తీసి చూశాడు. “పొగేది బిడ్డా? బోరుకొస్తే ఇక్కడ బుసబుస పొగ తన్నాలె” అన్నాడు. తర్వాత ఒక్కో ప్లగ్ క్యాప్ పీకి చూశాడు (గట్టిగా షాక్ కొడుతుంది, మీరు చేయొద్దు). మూడో క్యాప్ పీకినా ఇంజన్ చప్పుడు మారలేదు. మిస్సింగ్ అన్నమాట. వైరు మార్చాడు. వణుకు సగం పోయింది. మిస్సింగ్ వదిలేసి ఎన్ని కొత్త భాగాలు వేసినా లాభం లేదన్నాడు.

మిగతా సగం కోసం చక్రాల కింద రాళ్లు పెట్టించాడు. బాపు హ్యాండ్ బ్రేక్ లాగి, ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ కొంచెం కొంచెం వదిలాడు. బండి ముందు ఎవరినీ నిలబడనివ్వలేదు. నేను పక్కనుంచి ఫోన్‌లో స్లో మోషన్ తీశా. ఇంజన్ ఎడమ పక్క రెండు వేళ్ల ఎత్తు లేచి, ‘దడ్’మని పడింది! సంపు కింద చెక్క పెట్టి జాకీతో లేపితే అసలు దొంగ దొరికాడు. మౌంటింగ్ రబ్బరు ఇనుప ప్లేటు నుంచి ఊడి, నోరు తెరుచుకుని ఉంది. మెకానిక్‌లు ‘ఫౌండేషన్’ అనేది దీన్నే.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక చుట్టుకు రెండు పేలుళ్లు. నిమిషానికి 750 చుట్లు తిరిగితే సెకనుకు 25 కుదుపులు. అవి బాడీకి ఎక్కకుండా మింగేది ఈ రబ్బరే. 1931లో అమెరికాలో ప్లిమత్ కారుకు ఇట్లాంటి రబ్బర్లు పెట్టి, అదే పెద్ద విశేషమని ప్రచారం చేసుకున్నారు. ఇంజన్ గేర్‌బాక్స్‌తో సహా ఒక పక్కకు వాలడం వల్లే రెండు నెలలుగా గేర్లు మొరాయిస్తున్నాయట. నేను బాపుకు వయసైపోయిందనుకున్నా.

రబ్బరును చంపింది ఆయిల్. ట్యాపెట్ సైడ్ కవర్ నుంచి కారి కారి, రబ్బరు నాని ఉబ్బిపోయింది. అందుకే ముందు ప్యాకింగ్ మార్చి, కారడం ఆపాకే కొత్త రబ్బర్లు బిగించాడు. ముందు రెండూ, గేర్‌బాక్స్ కింది దాంతో సహా. ఒక్కటే మారిస్తే కొత్తదాని మీదే బరువంతా పడుతుందట. వైరు, సామాన్లు, మజూరీ కలిపి 3,400.

సాయంత్రం స్టార్ట్ చేస్తే బాపు కళ్లజోడు డ్యాష్‌బోర్డు మీద కదల్లేదు. బండి కదిలేటప్పుడు మాత్రం చిన్న ‘టక్’ మిగిలింది. అది షాఫ్ట్ క్రాస్‌ది. “కొంచమే ఆట ఉన్నది. మెల్లగ ఇంటికి పోండ్రి, అది మార్చేదాంక తియ్యకుండ్రి” అన్నాడు కాక. ఆ క్రాస్ ఆయన దగ్గర లేదు.

ఆదివారం పాత సామాను ఆయన ట్రాలీ ఆటో తెచ్చాడు. బానెట్ మీద రెండు దెబ్బలు కొట్టి, “ఇస్తనంటివి గద తమ్మీ?” అన్నాడు. బాపు క్రాస్ కోసం పొద్దున్నే రైలెక్కి వరంగల్ పోయాడని చెప్పా. ఆటో డీజిల్‌కు 300 ఇమ్మన్నాడు. ఇచ్చేశా.