సూది యెఱుగని గుడారము

సియాటిల్ చెంత ఒలింపిక్ పర్వతముల వానలో నన్ను రెండు రాత్రులు కాచిన గుడారపు గుడ్డను, అరకిలోయైనను తూగని దానిని, సంచిలో మడిచిపెట్టుకొని ఈ ఆషాఢమున శంషాబాదులో విమానము దిగి, బెంగుళూరు దారిని కొత్తూరు చేరితిని. 2008లో విమానాశ్రయము వెలసినది మొదలు ఈ దారి ప్రక్కని చేలెన్నో ప్లాట్లైనవి. 2016లో మా మండలము పాలమూరు జిల్లాను వీడి రంగారెడ్డిలో చేరినది. మా యింటి వెనుకటి కల్లము మాత్రము కదలక నిలిచినది.

ఆ గుడ్డకొక లోపము కలదు. నడుమ త్రాడు కట్టు కొలికి లేక, కుంగినచోట నీరు నిలుచును. కుట్టరాదా యందురేమో! దాని పోగు 30 డెనియర్లది, అనగా 9,000 మీటర్ల పోగు 30 గ్రాములే తూగును. అట్టి గుడ్డలో సూది పొడిచిన ప్రతిచోటును వాననీటికొక ద్వారము. జిగురుతో అంటింతమన్నచో, ఇరువైపుల సిలికోన్ పట్టించిన నైలానగుటచే దానికి సిలికోన్ తప్ప వేఱేదియు నంటదు.

కావున బాత్రూం సందులు పూడ్చు సిలికోన్ గొట్టమొకటి కొని, సర్జికల్ స్పిరిటుతో గుడ్డను తుడిచి, మూలలున్నచో అచ్చటనే లేచునని గుండ్రముగా కత్తిరించిన ముక్కను పలుచని పూతతో అంటించి, పీటవేసి, పైన సన్నెకల్లు నెక్కించితిని. ఇల్లంతయు సిర్కా వాసన! ముసురులో అదేమి ఆఱునని పెద్దనాయన నవ్వెను గాని, గాలిలోని తేమను గ్రోలియే గట్టిపడు ఆ పదార్థమునకు ముసురే సుముహూర్తము.

మఱునాడు కల్లములో గుడ్డను కట్టి, ముక్కకు తగిలించిన ఉచ్చును పైకి లాగితిని. అడ్డముగా లాగిన గట్టి బలమునకైనను ఓర్చు ఆ అతుకు, నిలువున లాగినంతనే అంచునుండి అరటితొక్కవలె ఒలువబడసాగెను.

"గదంత ఎందుకు బిడ్డా? మక్కల కుప్ప మీద పట్టా ఎట్ల గడ్తమో యాదిలేదా?" యనుచు పెద్దనాయన నేలనుండి నున్నని గులకరాయి నొకదానిని తీసి, గుడ్డ క్రింద నుంచి, దానిని ముడుచుకొన్న గుడ్డ మెడకు త్రాటితో ఉరి బిగించెను. లాగినకొలది ముడి బిగిసెను. గుడ్డకొక రంధ్రమైనను పడలేదు. నా అతుకును తిరిగి అంటించి, రాపిడికి అడ్డుగా ఆ రాయి తగులుచోటనే యుంచితిని. దాని యోగ్యత అంతమాత్రమే.

తిరుగు ప్రయాణమున ఆ రాతిని సంచిలో వేసికొనుచుండగా, ఒలింపిక్ కొండలలో రాళ్ళకు కఱవు వచ్చినదా యని నా యిల్లాలడిగెను.