పాత కారుకు అలంకారశాస్త్రము



ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు అలంకారములు బోధించినవాడను. ఉపమ, రూపకము, ఉత్ప్రేక్ష అంటూ లక్ష్యలక్షణములు చెప్పడానికి ముందు, 'అలం' అనే అవ్యయానికి 'చాలును' అని ఒక అర్థమున్నదని నల్లబల్ల మీద వ్రాసి చూపేవాణ్ణి. ఉన్నదానిని నిండుగా కనబడేటట్లు చేసి, ఇక చాలునన్నచోట చేయి వెనుకకు తీసుకొనుట అలంకారమని నా వ్యాఖ్యానము. దానిని పద్యములకు అన్వయించినంత కాలము నాకు ఏ చిక్కూ తోచలేదు. ఒక పాత కారును అమ్మకానికి సిద్ధము చేయవలసి వచ్చినప్పుడు మాత్రము, ఆ 'చాలు' ఎక్కడ అన్నది నలుబది వేల రూపాయల ప్రశ్నయై మా యింట కూర్చున్నది.

కారు నాది కాదు. మా చెల్లెలిది. 2013లో ఆమె భర్త కొన్న వ్యాగన్‌ఆర్. తెలంగాణ ఏర్పడక మునుపటిది గనుక ఏ.పి. పలకయే. బావగారు 2022లో కాలము చేసినారు. చెల్లెలికి కారు నడపడము రాదు. మేనకోడలి ఎం.బి.ఏ. రెండవ యేడు ఫీజు గడువు దగ్గరపడినది. సరూర్‌నగరులో వారి యింటి ముందు ఆకులు రాలి, పావురాలు రెట్టలు వేసి, బ్యాటరీ చచ్చి పడియున్న ఆ బండిని 2023 చలికాలములో తోలించుకొని వచ్చి మా గల్లీలో నిలబెట్టించినాను.

మేముండేది గన్‌ఫౌండ్రీలో. నిజామ్ అలీఖాన్ కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1786లో ఫిరంగుల పోత పెట్టించిన చోటు. ఉర్దూలో తోప్ కా సాంచా అంటారు. ఆ రేమండునే జనము మూసారాము చేసుకొన్నారు. మూసారాంబాగు పేరు ఆయనదే. లోహమును కరగించి కొత్తరూపు పోసిన ఆ పేటలో, నా పూర్వశిష్యుడొకడు పాత లోహమునకు మెఱుగుపెట్టి బ్రతుకుతున్నాడు. ఇంటి భాష ఉర్దూ అయినా నా దగ్గర తెలుగు ద్వితీయభాషగా చదువుకొన్నవాడు. సంధులు ఎన్నడూ కుదరలేదు గానీ, రంగు మీద వేలుపెట్టి రుద్ది, "ఈ డోరు ఒకసారి పెయింటయింది సార్" అని చెప్పగలడు. నేను ఛందస్సులో యతిభంగమును పట్టినంత వేగముగా పట్టగలడు.

అతని పనితనము నాలుగు రోజులు చూచినాను. మొదటి రోజు సీట్లన్నీ విప్పి బయట పెట్టినాడు. అడుగు తివాచీ ఊడదీసి ఎండలో వేసినాడు. సీటు పట్టాల సందులలో వేరుశెనగ పొట్టు, రూపాయి బిళ్ళలు, మేనకోడలు చిన్ననాటి క్లిప్పు ఒకటి దొరికినవి. ఏ.సి. జాలీ తీస్తే అరచేతి మందము దుమ్ము. పసుపెక్కి మసకబారిన హెడ్‌లైట్లను నీటికాగితముతో తడిపి రుద్ది, పాలిషు పెట్టి, శుక్లము తీసిన కన్నులవలె చేసినాడు. ఆపైన పెయింటుకు రబ్బింగు, పాలిషు. సన్నగీతలు పోయినవి, లోతైనవి రెండు వదలివేసినాడు. ఎందుకు వదలినావంటే, పది సంవత్సరముల బండికి రెండు గీతలుంటేనే మర్యాద అన్నాడు. ఒక తలుపుకు కొత్త రంగు కొడితే, ఆ తలుపు వెనుక ప్రమాదమున్నదేమోనని కొనేవాడు నాలుగు తలుపులనూ అనుమానిస్తాడట.

ఇంజనును నీళ్ళు కొట్టి కడిగించమని నేనన్నాను. "వద్దు సార్. ఇంజను తళతళ మెరిస్తే, ఆయిలు లీకు దాచిండ్రని తెలిసినోడు అనుకుంటడు. గుడ్డతోని తుడుస్త, చాలు."

చాలు! నా వ్యాఖ్యానము నా శిష్యుని నోట వెలువడినందుకు లోలోన సంతోషించినాను.

ఎక్కడ ఖర్చు పెట్టవలెనో, ఎక్కడ పెట్టరాదో కూడ అతనికి కంఠోపాఠము. బ్యాటరీ మార్చినాడు, ఏలయనగా బేరగాని ముందు బండి ఒక్క త్రిప్పుకు లేవకపోతే బేరము అక్కడే పడిపోతుంది. టైర్లు మార్చనీయలేదు, కొత్త టైర్ల ధర పాత కారు ధరలో తిరిగి రాదు. టైర్లకు పూసే నల్ల పాలిషు మాత్రము పూసినాడు. అది నాకు నచ్చలేదు, ముసలివానికి మీసాలకు రంగువలె. మొత్తము తొమ్మిది వేలలో పని ముగించినాడు.

డ్యాష్‌బోర్డు మీది వినాయకుణ్ణీ, వెనుక అద్దము మీద మేనకోడలి బడి స్టిక్కరునూ తీయించినాడు. కొనేవాడు లోపల కూర్చున్నప్పుడు అది తన బండియని తోచవలెనట. ఎవరి జ్ఞాపకమూ అడ్డుపడరాదట. మా యింటికి కూతవేటు దూరములోని కింగ్ కోఠీ కథ దీనికి సరిగ్గా వ్యతిరేకము. కమాల్‌ఖాన్ అనే ధనికుడు కట్టుకొన్న భవనము మీద అతని పేరి పొడియక్షరములు 'కె.కె.' అంతటా చెక్కియుండగా, దానిని కొన్న ఏడవ నిజాము వాటిని చెరిపించక 'కింగ్ కోఠీ' అని పేరు మార్చి ఆ అక్షరములనే తనవి చేసుకొన్నాడని చెప్పుకొంటారు. రాజులకు చెల్లినది వ్యాగన్‌ఆర్‌కు చెల్లదు. వినాయకుడు కూర్చున్నచోట గుండ్రని జిగురు మచ్చ మాత్రము ఎంత రుద్దినా పూర్తిగా పోలేదు.

ఈ నాలుగు రోజులలోనే ఈ వృత్తిలోని దోషప్రకరణము కూడ విన్నాను. మీటరు వెనుకకు త్రిప్పుట పాతవిద్యయే. ఒకప్పుడు పళ్ళచక్రములు త్రిప్పేవారు, ఇప్పుడు తీగ తగిలించి అంకె మార్చివేస్తారు. అయితే అంకె అబద్ధమాడినా పెడలు రబ్బరు ఆడదు. నలుబది వేల కిలోమీటర్లని చూపే బండిలో క్లచ్చి పెడలు నున్నబడి, స్టీరింగు తోలు అరచేతి క్రింద మెఱసిపోతుంటే ఎవరిని నమ్మవలెను? కిటికీ అద్దములన్నిటి మూలల్లో తయారీ గుర్తులుంటాయి. ఒక్కదాని సంవత్సరము వేరుగా ఉంటే అది పగిలి మార్చినది. తలుపు అంచు రబ్బరు కొంచెము లాగి చూస్తే ఫ్యాక్టరీ వెల్డింగు చుక్కలు వరుసగా కనబడవలెను. బోనెట్ బోల్టుల మీది రంగు చెదరితే పానా పడినదని అర్థము. ఇంజను నడుస్తుండగా ఆయిలు మూత తీసి, పొగ ఉబికివస్తే ఇంటికి పోవచ్చును.

మనుమంచి భట్టు తెనుగున అశ్వలక్షణములను పద్యములలో పెట్టినాడు. సుడులు, దంతములు, నడక చూచి గుఱ్ఱమును పరీక్షించే శాస్త్రమది. మా శిష్యుడు చెప్పినదంతా దానికి ఉత్తరభాగమని నాకు తోచినది.

ఇక వరద మునిగిన బండ్ల సంగతి. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన వాన మన నగరవాసులెవరూ మరువలేదు. ఆ తరువాత ఎన్నో కార్లు తుడిచి, ఆరబెట్టి, అత్తరు చల్లి అమ్మకానికి వచ్చినవి. వాటిని పట్టే ఉపాయమేమంటే, సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగవలెను. రోజూ లాగని ఆ చివరి మూరలో బురద చారిక ఉండిపోతుంది. సీటు పట్టాల త్రుప్పు, స్టెప్నీ గుంతలో సన్నని ఒండ్రు కూడ సాక్ష్యమిస్తాయి. ఇదంతా శిష్యుడు ఉత్సాహముగా చెబుతుంటే నేను మౌనము వహించినాను. ఎందుకంటే మా చెల్లెలి కారు కూడ ఆ రాత్రి సరూర్‌నగరులో మునిగినది.

పూర్తిగా కాదు. తలుపు లోపల, సీటు క్రిందివరకు నీరు. బావగారు లెక్కల మనిషి, జాగ్రత్తపరుడు. మఱునాడు లాగించుకొనిపోయి, తివాచీ, వైరింగులో కొంత భాగము మార్పించి, ఆ బిల్లును కూడ తక్కిన సర్వీసు బిల్లులతోపాటు తేదీల క్రమములో ఫైలులో గ్రుచ్చినారు. మొత్తము ఇరువదిమూడు బిల్లులు.

కారు చూడవచ్చిన దళారి బండిని మెచ్చుకొన్నాడు. రెండు లక్షల నలుబదియైదు వేలు పలుకుతుందన్నాడు. ఫైలు తిరగవేస్తూ ఆ బిల్లు దగ్గర ఆగినాడు. "ఈ ఒక్క కాయితం తీసేయండి సార్. కార్పెట్టు కొత్తది, వాసన లేదు, ఎవనికి తెలుస్తది? నలభై వేలు ఒక్క కాయితంల పడేస్తరా?"

తీసివేయుట అబద్ధము చెప్పుట కాదు గదా అన్నది మేనకోడలు. "మామయ్యా, అడిగితే చెబుదాము. అడగకపోతే ఊరుకుందాము." తేలికగా కొట్టివేయదగిన మాట కాదు. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము పదునేడవ విభాగము కూడ ఆమె పక్షముననే మొదలవుతుంది. అక్కడి ఉదాహరణ గుఱ్ఱమే. రోగపు గుఱ్ఱమని తెలిసీ వేలములో మౌనముగా అమ్మినవాడు మోసము చేసినట్లు కాదట. కానీ కొనేది అప్పుడే మేజరైన సొంత కుమార్తె అయితే, చెప్పుట అతని విధి. "నీవు కాదనకపోతే గుఱ్ఱము మంచిదనే అనుకొంటాను" అని కొనేవాడు అన్నప్పుడు ఊరకున్నా, ఆ మౌనము మాటతో సమానము. మూడు ఉదాహరణలలో ఒకే గుఱ్ఱము, మూడు తీర్పులు! కౌటిల్యుడు ఇంకొంత కఠినుడు. రోగపు ద్విపద చతుష్పదములను ఆరోగ్యముగలవని చెప్పి అమ్మితే పన్నెండు పణముల దండన అన్నాడు. నాలుగు కాళ్ళవానిని తిరిగి యిచ్చివేయడానికి మూడు పక్షముల గడువిచ్చినాడు. నాలుగు చక్రములవానికి అటువంటి గడువు ఎవరిస్తారు?

నాకు మాత్రము ఆబిడ్స్ ఆదివారపు కాలిబాటయే దీనికి గీటురాయి. అక్కడ పాతపుస్తకములు కొని కొని నా అలమరలు వంగినవి. చిరిగిన అట్టను జిగురుపెట్టి అతికించిన అమ్మకపుదారును నేను తప్పుపట్టను. నడుమ పదహారు పేజీల ఫారము లేదని తెలిసీ గట్టిగా కుట్టి బిగించి యిచ్చేవాని పని వేరు. ఆ బిల్లు మా ఫైలులో నడిమి ఫారము.

అయినా తీర్పు చెప్పవలసినది నేను కాదు, ఫీజు కట్టవలసినది నేను కానప్పుడు. చెల్లెలు రెండు రోజులు మాట్లాడలేదు. మూడవనాడు, "ఆయన గ్రుచ్చిన కాగితము నేను తీయలేను అన్నయ్యా" అని మాత్రము అన్నది. అది ధర్మమో, దుఃఖమో నేను తరచి అడుగలేదు.

మొదటి బేరము ఆ బిల్లు దగ్గరనే విరిగినది. రెండవవాడు ముప్పది నిమిషములు నడిపి చూచి, ఆలోచించి చెబుతానని వెళ్ళి మరల రాలేదు. మేనకోడలు నా వంక చూచిన చూపు బాగుగా గుర్తున్నది. మూడవసారి వచ్చినది నాంపల్లిలో ఉద్యోగము చేసే కుఱ్ఱవాడు, నల్లగొండ వైపునుండి వచ్చిన అతని తండ్రి. కుఱ్ఱవాడు స్టీరియో చూస్తుంటే, తండ్రి ఏమీ మాట్లాడక సీటు బెల్టు చివరిదాకా లాగినాడు. స్టెప్నీ ఎత్తి గుంతలో వేలుపెట్టినాడు. ఫైలు తీసుకొని అరుగు మీద కూర్చుండి ఒక్కొక్క బిల్లు చదివినాడు. వరద బిల్లు వెనుక బావగారి చేతివ్రాత ఉన్నది: "నీళ్ళు దిగేవరకు తాళము త్రిప్పలేదు." మునిగిన బండిని ఆత్రపడి స్టార్టు చేస్తే నీరు సిలిండరులోనికి పోయి ఇంజను లోపల విరుగుతుంది, ఆయనకది తెలుసు. ఆ పెద్దమనిషికీ తెలుసు. కానీ తెలిసినందుకు ధర పెంచలేదు సుమా! రెండు లక్షల అయిదు వేల దగ్గర కదలక కూర్చున్నాడు. ఇచ్చివేసినాము. ఫీజుకు తక్కువపడినది నేను సర్దినాను.

కాగితముల పని చెప్పవలసినంత ఉన్నది, క్లుప్తముగా చెబుతాను. యజమాని గతించినప్పుడు బండి మొదట వారసుల పేర మారవలెను. దానికి 31వ నంబరు ఫారము. ఆ తరువాతనే కొనేవానికి 29, 30 ఫారములు. అప్పు మీద కొన్నదైతే బ్యాంకు ఒప్పుదల 35. బండి యిచ్చి డబ్బు పుచ్చుకొని ఊరకుండరాదు. రిజిస్టరులో ఎవరి పేరుంటే ప్రమాదపు పరిహారము వారి మెడకేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చినది. డీలరుకు అప్పగించేవారు కూడ జాగ్రత్త. పాతబండ్ల డీలర్లు ఆర్టీఏ దగ్గర అధికారపత్రము పొందవలెనన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. అది చూపమని అడుగుట మన హక్కు. ఫాస్టాగు ఊడదీయించుట మరువకండి.

ఫైలు అసలు ప్రతి కొన్నవారికే చెందవలెను గదా. బండి అప్పగించే ఉదయము చెల్లెలు దానిని పట్టుకొని జనరల్ పోస్టాఫీసు దగ్గరి జిరాక్సు దుకాణమునకు నన్ను వెంటబెట్టుకొని పోయినది. బావగారు ప్రతి బిల్లు వెనుకా ఏదో ఒకటి వ్రాసిపెట్టినారు. "శ్రీశైలము వెళ్ళివచ్చితిమి, లీటరుకు 17." "పాప పరీక్ష, వరంగల్లు." ఒకచోట కేవలము పాలవాని లెక్క. దుకాణపు కుఱ్ఱవాడు ముందుపక్కలన్నీ తీసి కట్టబోతే, "వెనుకపక్కలు తీయి నాయనా, ముందువి అక్కరలేదు" అన్నది.

ఇరువదిమూడు కాగితములు. అతడు రెండు పక్కలకూ డబ్బు తీసుకొన్నాడు.