చూపు నిలిచిన చోటు

ప్రబంధ కవికి నాయికా వర్ణన ఒక పరీక్ష వంటిది. పాదాల నుంచి మొదలుపెట్టి కేశపాశం వరకు ఒక్కొక్క అవయవానికీ తగిన ఉపమానాన్ని వెదికి కూర్చడం నాటి కావ్యమర్యాద. ఆ పద్యాల శబ్దసౌందర్యం మీద నాకు మమకారం ఈనాటికీ తగ్గలేదు. పరిశోధన పేరిట వాటి నడుమనే ఏళ్లు గడిపినదానిని. అయితే ఆ వర్ణనలలో చూసేవారు ఒకరు, ఆ చూపునకు లక్ష్యమైనవారు మరొకరు. నాయిక కన్నులు కలువల వలె ఉన్నాయని చెప్పిన కవి, ఆ కన్నులు ఏమి చూస్తున్నాయో చెప్పడం అరుదు. మనుచరిత్రలో వరూధిని ప్రవరుని కన్నులారా చూసిన మాట నిజమే. కాని ఆ చూపును రచించినది పెద్దన.

పద్దెనిమిదవ శతాబ్దంలో తంజావూరి ముద్దుపళని రాధ పక్షాన నిలిచి ‘రాధికా సాంత్వనం’ రచించింది. దానిని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ప్రకటించగా ప్రభుత్వం నిషేధించింది. మర్యాద అనేది స్త్రీలకే గాని పురుషులకు లేదా అని నాగరత్నమ్మ అడిగింది. ఆ ప్రశ్న కావ్యాలతో ఆగిపోయేది కాదు. వెండితెరను, బొమ్మల పత్రికలను, ఆటలను, వేషధారణను కూడా అదే ప్రశ్న అడగవచ్చు.

సినిమా వచ్చినప్పుడు పాదాదికేశ వర్ణన కూడా దానితో పాటే తెర మీదికి నడిచి వచ్చింది. కెమెరా కాలి అందెల దగ్గర మొదలై మెల్లగా పైకి ప్రాకడం మనకు అలవాటైన దృశ్యమే. అంతకుముందు రంగస్థలం మీద స్త్రీ పాత్రలను ఎక్కువగా పురుషులే ధరించేవారు. సత్యభామ అంటే స్థానం నరసింహారావు, కూచిపూడి భామాకలాపం అంటే వేదాంతం సత్యనారాయణ శర్మ. వారి ప్రతిభకు చేతులు జోడించవలసిందే. ఒయ్యారం అంటే ఇదీ అని స్త్రీలకు చూపినవారు కూడా పురుషులే కావడం మాత్రం వింతగా తోస్తుంది. సురభి నాటక సమాజాలవారు తమ ఇంటి ఆడవారినే రంగం మీదికి తెచ్చారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన కమలాబాయి ఆ సమాజం నుంచి వచ్చినదే.

1957 నాటి ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరిస్తాడు. అంటే సావిత్రి, స్త్రీ వేషంలో దాగిన రాక్షసుని అభినయించాలి. అడుగులో బరువు, భుజంలో విరుపు, ఎవరైనా చూస్తే తక్షణం సిగ్గు! ఆ ఘట్టం వచ్చినదంటే మా పెద్దమ్మ కంట నీరు వచ్చేదాకా నవ్వేది. ఎందుకంత నవ్వు అని అడిగితే, “గట్ల నడిస్తే మమ్ముల ఇంట్ల ఉండనిస్తుండెనా బిడ్డా?” అన్నది. ఆ నవ్వులో హాస్యమెంతో, కోరిక ఎంతో విడదీయడం కష్టం. సిగ్గును కూడా వేషం వలె వేసుకోవచ్చు, విప్పనూ వచ్చు అన్న సంగతి పండితులకన్నా ముందు ఆమెకు తెలిసింది.

కెమెరా వెనుక నిలిచిన స్త్రీలూ మనకు కొరత లేదు. భానుమతి 1953లోనే ‘చండీరాణి’ని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషలలో దర్శకత్వం వహించి తీసింది. సావిత్రి 1968లో ‘చిన్నారి పాపలు’ తీసింది. విజయనిర్మల 1973లో యద్దనపూడి సులోచనారాణి నవల ‘మీనా’ను తెరకెక్కించింది. ఆమె దర్శకత్వం వహించిన చిత్రాలు 44. అందుకు 2002లో గిన్నిస్ గుర్తింపు లభించింది. దర్శకురాలైనంత మాత్రాన చూపు మారి తీరుతుందని నేను అనను. వ్యాపారానికి దాని చూపు దానికి ఉంటుంది.

బొమ్మల పత్రికల సంగతి చూడండి. అప్పడాల కర్ర పట్టుకుని గుమ్మంలో నిలిచిన భార్య మన వారపత్రికల వ్యంగ్యచిత్రాలలో ఎన్నేళ్లు నిలుచున్నదో లెక్క లేదు. ఆ గీతల లోకంలోకి విశాఖపట్నం నుంచి రాగతి పండరి వచ్చింది. పసితనంలో పోలియో సోకి కదలికలు కష్టమైన ఆమె, చిన్ననాడే కలం పట్టి వేలాది కార్టూన్లు గీసింది. రాజకీయాలు, ఇంటి సంగతులు రెండూ ఆమె గీతకు లొంగాయి. 1965లో పుట్టి 2015లో మరణించిన ఈమెను తెలుగులో తొలి మహిళా కార్టూనిస్టుగా చెప్పుకుంటాము. ఆమె ఆత్మకథ పేరు ‘నా గురించి నేను’. తన గురించి చెప్పే హక్కు తనదేనని ఆ పేరే చెప్పడం లేదా?

ఆటల గురించి చెప్పవలసినది కొంచెమే. గచ్చకాయలు, పచ్చీసు, వామన గుంటలు ఆడపిల్లల సొత్తు. వీటిలో లెక్క, వ్యూహం పుష్కలం. అయినా వాటిని కాలక్షేపమన్నారు, చదరంగాన్ని మేధ అన్నారు. ఆ మేధ కూడా గుడివాడలో పుట్టిన కోనేరు హంపికి 2002లో, పదిహేనేళ్ల వయసులో, గ్రాండ్‌మాస్టర్ హోదాతో తల వంచింది.

వేషధారణకు వద్దాము. ఇప్పటి పిల్లలు సినిమా పాత్రల వలె, బొమ్మల కథలలోని వీరుల వలె అలంకరించుకుని ఉత్సవాలకు వెళ్తున్నారు. ఇది మనకు పూర్తిగా కొత్త కాదు. కాకతీయ రుద్రమ శాసనాలలో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. కళాశాల వార్షికోత్సవంలో మా విద్యార్థిని ఒకతె రుద్రమ వేషం కట్టింది. అట్టతో చేసిన కవచం, వెండిరంగు కాగితం చుట్టిన కత్తి. ముందు వరుసలోని పెద్దమనిషి ఒకరు, అమ్మాయి కొంచెం నవ్వితే బాగుండునన్నారు. యుద్ధానికి పోయేవారు నవ్వుతారా అని ఆమె వేదిక మీది నుంచే అడిగింది. చప్పట్లు అప్పుడు మొదలైనవి.

ఇక, మా సిర్గాపూరుకు దక్షిణంగా, ఇదే సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు పక్కన పస్తాపూర్ ఉన్నది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలలోని పేద దళిత స్త్రీలు కొందరు 1990ల చివర వీడియో కెమెరా నేర్చుకున్నారు. వారిలో చాలామందికి అక్షరాలు రావు. పగలు కూలి, పొలం పని; మిగిలిన వేళ చిత్రీకరణ. వరంగల్లు రైతుల బీటీ పత్తి పొలాలను మూడేళ్లు వెంబడించి వారు తీసిన చిత్రం దేశాంతరాలకు వెళ్లింది. దగ్గరలోని మాచునూరులో 2008 అక్టోబరు 15న వారి సంఘం రేడియో 90.4 మీద పలికింది.

నన్ను ఎక్కువగా ఆకర్షించినది వారు దృశ్యాలకు పెట్టుకున్న పేర్లు. పై నుంచి కిందికి చూసే దృశ్యం పటేల్ షాట్. కుర్చీలో కూర్చున్న దొర నేల మీది కూలీని చూసే తీరు అది. కింది నుంచి పైకి చూస్తే అది బానిస చూపు. కన్నుకు కన్ను సమంగా ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ నేల మీదే కూర్చుంటారు. అలంకారశాస్త్రాన్ని దశాబ్దాలుగా బోధిస్తున్న నాకు ఇంతటి నిర్దుష్టమైన లక్షణ నిర్వచనం మరెక్కడా దొరకలేదు.

ఈ మూడు పేర్లను తరగతిలో చెప్పాను. కొన్నాళ్లకు ఒక విద్యార్థిని తన తల్లి జొన్నరొట్టె చేయడాన్ని ఫోనులో తీసి తెచ్చింది. దృశ్యమంతా పొయ్యి ఎత్తులోనే సాగింది. పొగలో తల్లి ముఖం సగమే కనిపించినా, పిండిని తట్టే చేతులు స్పష్టంగా ఉన్నాయి. నడుమ ఒకసారి ఆమె తలెత్తి, సరిగ్గా మన వైపు చూసి, “రొట్టె మాడుతది, జర జరుగు” అన్నది.