ఏ దీపం ఎన్ని గంటలు

రాబర్ట్‌సన్‌పేట, 5 నవంబర్ 2023, ఆదివారం

మేడ మీది గది పని అయిపోవచ్చింది. వైరింగ్ చేసే అబ్బాయి పాత పాయింట్లూ కొత్తవీ కలిపి పద్నాలుగని లెక్క తేల్చి, దీపావళి లోపల బల్బులు తెచ్చి పెట్టమన్నాడు. "ఏది చౌకైతే అది తెచ్చేయక్కా, ఎట్లాగూ కరెంటు ఫ్రీ కదా" అన్నాడు.

ఈ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. నెలకు 200 యూనిట్లదాకా ఉచితమన్న కర్ణాటక సర్కారు గృహజ్యోతి పథకం వచ్చాక ఆగస్టు నుంచి మాకూ సున్నా బిల్లే. అట్లని 200 యూనిట్లూ మా చేతిలో పెట్టలేదు. 2022-23లో ఏ ఇల్లు నెలకు సగటున ఎంత వాడిందో, దానికి పది శాతం కలిపి అంతవరకే ఉచితం. మాకు సగటు 70, పది శాతం కలిపితే 77. ఆ పైన వాడినదానికి డబ్బు కట్టాలి. 200 దాటిన నెల బిల్లు మొత్తం మనదే. మేడ మీద కొడుకూ కోడలూ దిగితే, వాళ్ల ఫ్రిజ్ నడిస్తే 77 ఏ మూలకు? పైగా సున్నా బిల్లు వెనక సర్కారు కరెంటు కంపెనీ బెస్కాంకు కట్టే డబ్బుంది. అది మనందరిదీ. ఉచితమన్న పేరుతో కరెంటు తాగే దీపం కొనడం నాకు మనస్కరించదు.

8 నవంబర్, బుధవారం

రాత్రి కూర్చుని ప్రతి దీపానికి ఎదురుగా వాట్లు కాదు, అది రోజూ వెలిగే గంటలు రాసుకున్నాను. ధర తర్వాత.

వాకిలి దీపం సాయంత్రం ఆరుకు వేస్తే పొద్దున ఆరుకు ఆపుతాం. అక్కడ పాత 60 వాట్ల బల్బుంటే ఏడాదికి 263 యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే దాదాపు 1,580 రూపాయలు. అదే చోట 9 వాట్ల ఎల్‌ఈడీకి 39 యూనిట్లు, 240 లోపే. సామాన్ల గదిలో దీపం రోజుకు పది నిమిషాలు వెలుగుతుందేమో. అక్కడ 60 వాట్ల బల్బు ఏడాదంతా కాల్చేది నాలుగు యూనిట్లు కూడా కాదు. దాన్ని మారిస్తే మిగిలేది ఇరవై రూపాయల లోపు. పాత బల్బు పోయేదాకా అక్కడే ఉండనిద్దాం.

అందరూ మరిచేది జీరో బల్బు. పేరు జీరోనే గానీ లోపల పాత రకం తీగ ఉంటే పన్నెండు, పదిహేను వాట్లు లాగుతుంది. అమ్మ మంచం దగ్గర రాత్రంతా వెలిగేది అదే. పదిహేను వాట్లు, పది గంటలు: ఏడాదికి 55 యూనిట్లు! అర వాటు ఎల్‌ఈడీ నైట్ ల్యాంపుకు రెండు యూనిట్లు కూడా కావు. ఇంట్లో ముందుగా మార్చాల్సినవాటిలో ఇదొకటి.

హాల్లో ట్యూబులైటు 40 వాట్లని రాసి ఉన్నా పాత రాగి చోకుతో కలిపి 50 దాటుతుంది. రోజూ ఐదు గంటలంటే ఏడాదికి 95 యూనిట్లు. 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ లైటుకు 37. దాని వెల ఏడాదిలో తిరిగి వస్తుంది.

10 నవంబర్, శుక్రవారం

నాన్న ఇక్కడి కోలార్ బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్ గనిలో అండర్‌గ్రౌండ్ పనిచేశాడు. గంటల లెక్క రాస్తుంటే ఆ గనులే గుర్తొచ్చాయి. ఈ ఊరికి కరెంటు 1902 జూన్ 30న వచ్చింది, కావేరి మీద శివసముద్రం నుంచి 147 కిలోమీటర్లు తీగ లాగి. అప్పటికి ప్రపంచంలో అంత దూరం పోయే లైన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మైసూరు దివాన్ శేషాద్రి అయ్యర్ కాలంలో, ఇంజనీరు జోలీ డి లాట్‌బినియర్ వేసిన పథకమది. పని పూర్తికాకముందే 1901లో దివాన్ పోయారు. బెంగళూరు వీధి దీపాలకు 1905 దాకా ఆగాల్సి వచ్చింది.

మా ఊరికే ముందెందుకంటే బంగారం కోసమంటారు. నిజమే, అయితే గంటలూ ఒక కారణమే. గనిలో నీళ్లు తోడే పంపులు, రాయి దంచే మిల్లులు, కంప్రెసర్లు రాత్రయినా ఆగవు. ఆవిరి యంత్రానికి రోజూ బొగ్గు పోయాలి. కావేరికి ముందే పెద్ద మొత్తం పెట్టాలి గానీ నీటికి రోజువారీ ఖరీదు లేదు. పగలు నాలుగు గంటలు నడిచి ఆగే కార్ఖానాకైతే ఆ తీగ గిట్టేదే కాదు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత తెల్లవారకముందే రైలెక్కి బెంగళూరుకు కూలికి పోయే ఇళ్లలో, పది రూపాయల బల్బు కొన్నవాళ్లను తప్పుపట్టడం అన్యాయం. చేతిలో ఉన్నది పది రూపాయలే అయితే ఏడాది లెక్క ఎంత బాగా తెలిసినా ఏం ప్రయోజనం? అందుకే ఎల్‌ఈడీ బల్బులు చౌకగా అందించేందుకు 2015లో మొదలైన ఉజాలా పథకం నాకు గొప్ప పనిగా తోస్తుంది. 2014 మొదట్లో సర్కారు సంస్థ ఒక్కో ఎల్‌ఈడీ బల్బును 310 రూపాయలకు కొన్నది. కోట్లలో ఒకేసారి కొనబట్టి 2016కల్లా ఆ ధర 38కి దిగింది. పేదవాడు తానుగా ఎక్కలేని మొదటి మెట్టును అందరి తరఫునా ఎక్కడమంటే అదే.

15 నవంబర్, బుధవారం

పండగ రద్దీలో బల్బులు కొనబుద్ధి కాక ఇవాళ మార్కెట్‌కు పోయాను. ముద్ర లేని 9 వాట్ల బల్బు యాభై రూపాయలు, ముద్రా రెండేళ్ల వారంటీ ఉన్నది వంద. అంగడాయన "రెండూ ఒకటే వెలుగమ్మా" అన్నాడు. పెట్టె తిప్పి చదివితే ఒకటి కాదు. మంచిదాని మీద 900 ల్యూమెన్లని, కరెంటు పొదుపుకిచ్చే బీఈఈ నక్షత్రాలని, భారత ప్రమాణాల బీఐఎస్ ముద్రని ఉన్నాయి. చౌకదాని మీద వాట్లు తప్ప ఏమీ లేదు. వాటు మనం కట్టేది, ల్యూమెన్ మనకు దక్కేది. దక్కేదెంతో చెప్పని సరుకును గంటల తరబడి వెలిగే చోట పెట్టలేను.

పెట్టె మీద 25,000 గంటలంటారు. అది లోపలి ఎల్‌ఈడీ చుక్కల ఆయువు. సాధారణంగా ముందు పోయేది వాటికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవరు. దానిలోని చిన్న కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయువు సుమారు సగమవుతుంది. గాలాడని గాజు డోములో బిగించిన బల్బు త్వరగా పోయేది ఇందుకే. పాత ట్యూబులైటుకు స్టార్టరో చోకో మారిస్తే మళ్లీ వెలిగేది. సీలింగులో బిగించే ఈ కొత్త ప్యానెళ్లలో కొన్నిటికి డ్రైవరు విడిగా ఉంటుంది, కొన్నిటికి లోపలే అతికి ఉంటుంది. విడిగా ఉన్నది యాభై ఎక్కువైనా అదే తీసుకున్నాను, ఐదేళ్ల తర్వాత మొత్తం పీకి పారేసే పని లేకుండా.

19 నవంబర్, ఆదివారం

వైరింగ్ అబ్బాయి ఇవాళ బిగించాడు. వాకిలికీ హాలుకూ వంటింటికీ వారంటీ ఉన్నవి, అమ్మ దగ్గర అర వాటు దీపం, సామాన్ల గదిలో పాతదే. ఏ బల్బు ఏ తేదీన బిగించామో దాని అడుగున మార్కర్‌తో రాయించాను, వారంటీ అడగాలంటే తేదీ కావాలి కదా. బాత్రూములో మూసిన డోము వద్దు, గాలాడే హోల్డర్ పెట్టమన్నాను. "అట్లయితే రేపు వేరేది తెస్తానక్కా" అని పోయాడు.