అమ్మీ చల్లిన గింజలు

డెన్వర్‌లో మా ఇంటికి ఉత్తరం వైపు, పెద్ద చెట్టు కింద ఎండ సరిగ్గా పడని జాగా ఒకటుంది. గులాబీలు పెడితే సన్నగా సాగి, మొగ్గ వేయకుండానే పోయాయి.

అబ్బా ఇంతెకాల్ అయినప్పుడు జనాజాకు నేను అందలేకపోయాను. ఇద్దత్ పూర్తయ్యాక అమ్మీయే కర్నూలు నుంచి మా దగ్గరికి వచ్చింది. రోజూ ఫజర్ నమాజు చదివి, కిటికీ పక్కన కూర్చొని ఆ ఖాళీ జాగానే చూసేది.

ఒకరోజు కొలంబైన్ గింజలు తెచ్చాను. 1899 నుంచీ ఇది కొలరాడో రాష్ట్ర పుష్పం. "కలోంజీ కదా బేటా?" అంది అమ్మీ. కలోంజీ ఖాందానే గానీ జహర్, నోట్లో వేసుకోవద్దన్నాను. అక్టోబర్‌లో మట్టి గుల్ల చేసి, గింజలు చల్లి, అరచేత్తో అదిమింది.

"పైన మిట్టీ కప్పొద్దా?"

"వద్దమ్మీ. వీటికి వెలుతురు తగలాలి. చలికాలమంతా చలి కూడా తినాలి. అప్పుడే మొలుస్తాయి."

నవంబర్‌లో అమ్మీ వెళ్లిపోయింది. వచ్చే రంజాన్‌కి వస్తానని ఎయిర్‌పోర్టులో వాదా చేశాను.

వసంతంలో కొత్తిమీర లాంటి ఆకులొచ్చాయి, పువ్వులు రాలేదు. గింజ నుంచి వచ్చిన కొలంబైన్ మామూలుగా మొదటి ఏడు పూయదు, సబర్ కావాలి. రంజాన్ వచ్చింది, పోయింది. నేను వెళ్లలేదు. ఆఫీసు పని అన్నాను. అది పూరా నిజం కాదు. అబ్బా కుర్చీ ఖాళీగా ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టే హిమ్మత్ లేదు నాకు.

రెండో ఏడు మే నెలాఖరుకు పూశాయి. ఊదా, తెలుపు. ప్రతి పూరేకు వెనక సన్నటి తోక, దాని కొసన తేనె. వీడియో కాల్‌లో చూపిస్తే "మాషా అల్లాహ్" అని చాలాసేపు చూసింది అమ్మీ. "గింజలు పంపు బేటా, వరండా పక్కన వేస్తా" అంది.

"కర్నూలు ఎండకి ఇది బతకదమ్మీ."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నవ్వుతూనే అడిగింది: "నీకూ మన ఊరి ఎండ పడదా బేటా?"

కొలంబైన్ మొక్క ఉమర్ మూడు నాలుగేళ్లే. అయినా ఫికర్ లేదు. కాయలు పగిలి గింజలు రాలితే, పక్కనే కొత్త మొక్కలు వస్తాయి. నేను చూసినా చూడకపోయినా వాటి జిందగీ సాగిపోతుంది. అమ్మీ సంగతి అలా కాదు కదా!

ఈసారి కాయలు ఎండేదాకా ఆగలేదు, టికెట్ తీసుకున్నాను. ఫోన్ చేసి చెబితే, "కలోంజీ వేసి మామిడికాయ అచార్ పెడతా, జల్దీ రా" అంది.

అబ్బా మగ్‌ఫిరత్ కోసం దువా చేయండి. నా కోసం కూడా.